లింకు కింద ఆ రెండు లైన్లు

గ్రంథాలయం కేటలాగులోనో, లింకు పంపేటప్పుడో రెండు లైన్ల పరిచయం రాస్తున్నారా? "ఈ పుస్తకంలో రచయిత..." అని కాకుండా నేరుగా విషయంతో మొదలుపెట్టండి. గూగుల్ ఫలితాల్లో కనబడేది సుమారు 150 అక్షరాలే. అసలు సంగతి చివర్లో ఉంటే తెగిపోతుంది.

బొబ్బిలి యుద్ధం మీద పుస్తకం ఉందనుకోండి. "అందరూ తప్పక చదవాల్సిన అద్భుత గ్రంథం" అంటే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది? "1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు కలిసి బొబ్బిలి కోట మీద చేసిన దాడి, అంతకుముందు రెండు సంస్థానాల మధ్య తగాదాలు. కోట పటం ఉంది, పదసూచిక లేదు" అని రాయండి. ప్రాజెక్టు పనిలో ఉన్న డిగ్రీ విద్యార్థికి అది తన కోసమో కాదో వెంటనే అర్థమవుతుంది. ఆ "లేదు" కూడా రాయాలండీ, నా దృష్టిలో అదే పెద్ద సాయం.

ఊళ్ల పేర్లు వదలకండి. "ఉత్తరాంధ్ర ప్రాంతం" అని సరిపెట్టకుండా పాలకొండ, పార్వతీపురం అనే రాయండి, జనం వెతికేది అలాగే. శ్రీకాకుళం కథానిలయంలాంటి చోట వేల కథలుంటాయి. ఒకే పేరున్న రెండు కథలకు తేడా తెలిసేది ఈ పరిచయంతోనే. కథ ముగింపు మాత్రం బయటపెట్టకండి.