విశాఖలో నిరుద్యోగం పెరిగిందా, తగ్గిందా? లెక్క తీసే పద్ధతి

విశాఖ నగరానికంటూ నెలనెలా నిరుద్యోగ రేటు ప్రకటించేవాళ్ళు లేరు. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే శ్రామిక శక్తి సర్వే దేశానికీ రాష్ట్రాలకీ అంకెలిస్తుంది. నగరం సంగతి తేలాలంటే ఆ సర్వే ముడి ఫైళ్ళు తీసి మనమే లెక్కకట్టాలి. కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే అవి ఉచితంగా దొరుకుతాయి.

ముందు హద్దు తేల్చుకోండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా చీలి విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలైంది. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)లో ఉన్న అనకాపల్లి పట్టణం పక్క జిల్లాకు పోయింది. నర్సీపట్నం, యలమంచిలి కూడా అటే వెళ్ళాయి. పాత జిల్లా అంకె పక్కన కొత్త జిల్లా అంకె పెట్టి గీత గీస్తే, కనిపించే మార్పులో కొంత హద్దు మారినందువల్ల వచ్చిందే. పట్టణ భాగం వరకే తీసుకుని, కొత్త ఫైళ్ళలో ఈ మూడు జిల్లాలనూ కలిపితే దాదాపు పాత హద్దు వస్తుంది. ఏ ఫైలు ఏ హద్దుతో ఉందో దానితో ఇచ్చే జిల్లా కోడ్ల జాబితాలో చూడండి.

తర్వాత నిర్వచనం. ఏడాది మొత్తం చూసే 'సాధారణ స్థితి' ఒకటి, గడిచిన 7 రోజులు చూసే 'వారపు స్థితి' ఇంకొకటి. వారంలో ఒక్క గంట పని దొరికినా వారపు లెక్కలో ఉపాధి ఉన్నట్టే. అయినా 2023-24లో దేశం మొత్తానికి, 15 ఏళ్ళు దాటినవారిలో, సాధారణ స్థితి రేటు 3.2 శాతం, వారపు రేటు 4.9. ఒక ఏడాదికి అదీ, మరో ఏడాదికి ఇదీ వాడితే లేని ఉపద్రవం పుట్టుకొస్తుంది.

ఫైల్లో ఒక్కో వ్యక్తికీ వేసిన వారపు స్థితి కోడ్లలో 11 నుంచి 72 దాకా పని ఉన్నవాళ్ళు. 81, 82 నిరుద్యోగులు. ఈ రెండు రకాలూ కలిస్తే శ్రామిక శక్తి. 91 నుంచి పైవి దాని బయట. 81, 82ల మొత్తాన్ని 11–82ల మొత్తంతో భాగించి 100తో గుణించండి. మనుషుల తలలు కాదు, వెయిట్లు కూడాలి. శాంపిల్లోని ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పేదే వెయిటు, దాన్ని ఫైల్లోని మల్టిప్లయర్ గడి నుంచి తీస్తాం. 2023-24 దాకా ఉన్న ఫైళ్ళలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు గడులు సమానమైతే మల్టిప్లయర్‌ను 100తో, కాకుంటే 200తో భాగించాలి. పట్టణాల్లో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్తారు కనుక మొదటి సందర్శన ఫైలు ఒక్కటే వాడండి.

వచ్చిన అంకెను వెంటనే నమ్మకండి. శాంపిల్లో శ్రామిక శక్తి 300 మంది, రేటు 7 శాతం అనుకుందాం. ఊరికే లెక్కేసినా దాదాపు 3 శాతం పాయింట్లు అటూ ఇటూ, అంటే 4 నుంచి 10 దాకా, ఊగుతుంది. ఇళ్ళు గుంపులుగా ఎంచుకుంటారు కనుక నిజంగా ఇంకా ఎక్కువే. ఇక 7 నుంచి 8కి పెరిగిందని ఏ ధైర్యంతో రాస్తాం? రెండు మూడేళ్ళ ఫైళ్ళు కలిపి సగటు తీయండి. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మారింది, శాంపిల్ పెరిగింది. అక్కడ గీత తెంపి కొత్తగా మొదలుపెట్టండి.

రేటు పక్కన శ్రామిక శక్తి భాగస్వామ్యం, అంటే పెద్దల్లో ఎంత శాతం శ్రామిక శక్తిలో ఉన్నారో, తప్పక వేయండి. 100 మంది పెద్దల్లో 50 మంది శ్రామిక శక్తిలో ఉండి 4గురికి పని లేకుంటే రేటు 8 శాతం. వారిలో ఇద్దరు వెతుకులాట మానేసి మళ్ళీ చదువులో చేరితే 48లో 2, అంటే 4.2. ఒక్కరికీ ఉద్యోగం రాలేదు, రేటు మాత్రం దాదాపు సగమైంది. 15–29 ఏళ్ళవారిని విడిగా తీస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, కాకపోతే శాంపిల్ మరీ చిన్నదవుతుంది.

ఉపాధి కల్పనా కార్యాలయం రిజిస్టర్‌తో సరిపోల్చవద్దు. ఉద్యోగం వచ్చాక పేరు తీయించుకోనివాళ్ళు అందులో ఉంటారు, అసలు నమోదే చేసుకోనివాళ్ళు ఉండరు. భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) పేరోల్ అంకెలు సంఘటిత రంగానివి మాత్రమే, పైగా తర్వాతి నెలల్లో సవరిస్తారు. ఆటో తోలేవాళ్ళూ, చేపల రేవు కూలీలూ వాటిలో కనిపించరు.