అత్తింటికి సామాను కోసం వెళ్లే ముందు: కేస్ మేనేజర్‌కు జాగ్రత్తలు

నల్లగొండ ఆశ్రయ గృహంలో ఉన్న మహిళ మిర్యాలగూడ వైపు అత్తింటి నుంచి తన వస్తువులు తెచ్చుకోవాలంటుంది. కారు ఎక్కే ముందు ఇవి చూసుకోండి.

☐ వెళ్లక తప్పదా? ఆధార్ కార్డు మళ్లీ తీసుకోవచ్చు, పిల్లల టీసీ బడిలోనే అడగవచ్చు. నాలుగు చీరల కోసం ప్రమాదంలోకి నడవనక్కర్లేదు.

☐ నగలు, స్త్రీధనం ఉంటే కోర్టు దారి పట్టండి. 2005 గృహహింస చట్టంలోని సెక్షన్ 19(8) కింద వాటిని తిరిగి ఇవ్వాలని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. 19(5) కింద పోలీసు రక్షణకూ ఆదేశం ఇవ్వవచ్చు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటే దరఖాస్తు వేయవచ్చు. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారితో ముందే మాట్లాడండి.

☐ "పెద్దమనుషులు కూర్చున్నారు, అమ్మాయిని తీసుకురండి" అని ఫోను వస్తే వెళ్లకండి. అది సామాను ఇచ్చే పిలుపు కాదు, రాజీకి కూర్చోబెట్టే పిలుపు. మంచి మాటలతో మొదలైనవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

☐ ఆమె ఫోనులో లొకేషన్ ఆపారా? ఆమె మెయిల్ ఖాతా భర్త ఫోనులో తెరిచి ఉందేమో చూడండి. చాలామంది మరిచేది ఇదే.

☐ పిల్లలు ఆశ్రయంలోనే ఉండాలి.

☐ ఆశ్రయం పేరు లేని వాహనం. చిరునామా డ్రైవరు కూడా పలకకూడదు.

☐ తేవాల్సినవి ఆమె చేతే రాయించండి, ముఖ్యమైనవి ముందు. గుమ్మం దగ్గర ఆమె వద్దంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి, నచ్చజెప్పకండి.

☐ 112 (అత్యవసర సహాయం), 181 (మహిళా హెల్ప్‌లైన్) నంబర్లు మీ ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.