షుగరు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు డిప్రెషన్ తిరగబెడితే

షుగరు, కీళ్లవాతం, కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ఒకసారి తగ్గిన డిప్రెషన్ మళ్లీ రావడం కద్దు. చిక్కేమిటంటే నీరసం, నిద్ర పట్టకపోవడం ఈ జబ్బుల్లోనూ, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. ఇంట్లోవాళ్లు "అంతా షుగరు వల్లే" అని వదిలేస్తారు. అందుకే ఇష్టాలను గమనించండి. సంగటి ముద్దను వేళ్లతో కెలికి పక్కకు నెట్టేయడం, మనవడు పిలిచినా పలకకపోవడం, షుగరు మాత్రలు మానేయడం రెండు వారాలు సాగితే ఇక ఆగొద్దు.

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యులుంటారు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి, నొప్పి బిళ్లలతో సహా. ఇది చాలా ముఖ్యం: డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 పరీక్షల గురించి అడగండి. షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 పడిపోవచ్చు, స్టెరాయిడ్లు మనసును కుంగదీయొచ్చు.

మందు గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. పనిచేయలేదని వారానికే మానేస్తే మొదటికొస్తుంది. తేలికపడ్డాక కూడా కనీసం 6 నెలలు వాడాలి, పదేపదే తిరగబెట్టేవాళ్లకు 2 ఏళ్లు చెప్తారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, చిరాకు పెరుగుతుంది; డాక్టరే మెల్లగా తగ్గించాలి.

ఎండ ముదరకముందే పది నిమిషాలు నడిపించండి.

చావు మాట నోట వస్తే ఒంటరిగా వదలొద్దు. పురుగుల మందు, ఇన్సులిన్, మిగిలిన మాత్రలు అందకుండా దాచి, వెంటనే ప్రభుత్వ మానసిక సాయం లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.