పాత కారు డిక్కీలో నీళ్ళు చేరుతున్నాయా? తుప్పు జోలికి పోయే ముందు ఈ పని చేయండి

వాన వెలిసిన మర్నాడు డిక్కీ తెరిస్తే తడి గోనెసంచి వాసన వస్తోందా? మ్యాటు పైన చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. దాన్ని లేపి, స్టెప్నీ బోల్టు విప్పి, టైరు బయట పెట్టి చూడండి. గుంటలో చెంబెడు నీళ్ళు, వాటి చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తాయి. ఇది చూడగానే చాలామంది చేసేది ఒకటే. నీళ్ళు తుడిచి, తుప్పు పైపైన గీకించి, లప్పం పెట్టించి, నల్లరంగు కొట్టించేస్తారు. నాలుగు వానలు పడేసరికి ఆ రంగు అప్పడంలా పొంగి పెచ్చులు ఊడుతుంది. మళ్ళీ షెడ్డు, మళ్ళీ ఖర్చు.

మాది విశాఖ, ఉప్పుగాలి ఊరు. నా పాత సెడాన్‌కీ, చుట్టాల కార్లకీ కలిపి ఈ పని పదిసార్ల పైనే చేశాను. మొదటి రెండుసార్లు నేనూ లప్పం పెట్టినవాణ్ణే. అందుకే గట్టిగా చెబుతున్నాను: నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కంటితో చూసేదాకా తుప్పును ముట్టుకోవద్దు.

ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. లీకు ఎప్పుడైనా వెతుక్కోవచ్చు గానీ, గాలిలో చెమ్మ ఉన్నప్పుడు మాత్రం రంగు వేయకూడదు.

సామాను

టార్చి, తోటకు నీళ్ళు పట్టే పైపు, మొహానికి రాసుకునే పౌడరు డబ్బా, పాత పేపర్లు, స్పానర్లు, వైర్ బ్రష్, 80, 180 నంబర్ల ఎమిరీ పేపర్లు, రస్ట్ కన్వర్టర్ సీసా, ఎపాక్సీ ప్రైమరు, పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ ట్యూబు, బ్యుటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు), కళ్ళద్దాలు, గ్లవ్స్. తుడవడానికి పాత బనీన్లు. మైక్రోఫైబర్ గుడ్డలు ఈ పనికి దండగ.

ఖాళీ చేయడం, ఆరబెట్టడం

డిక్కీలో ఉన్నదంతా తీసేయండి. మ్యాటు, దాని కింది దళసరి పట్ట, పక్కల అట్టలు, స్టెప్నీ, జాకీ, అన్నీ. ఆ పట్ట స్పంజిలా నీళ్ళు పీల్చి ఉంటుంది, దాన్ని రెండు రోజులు దండెం మీద వేయండి. కారును ఎండలో పెట్టి మూత తెరిచి ఉంచండి. సందుల్లో తడి మిగిలితే హెయిర్ డ్రయ్యర్ పట్టండి. లోపల ఎక్కడా చెమ్మ లేదనిపించాకే తర్వాతి పని.

లీకు పట్టడం

పని చెడేది ఇక్కడే.

నీళ్ళు నిలిచే చోటు, నీళ్ళు దూరే చోటు ఒకటి కావు. స్టెప్నీ గుంట డిక్కీలో అన్నిటికన్నా పల్లం, ఎక్కడ కారినా చివరికి అక్కడికే చేరతాయి. వెనకద్దం పై మూలలో దూరిన చుక్క అద్దం అంచు వెంబడి జారి, డిక్కీ కీలు పక్కనుంచి దిగి, చక్రం మీది డోమ్ చుట్టూ తిరిగి గుంటలో పడుతుంది. గుంటలో రంధ్రం ఉందేమోనని వెతికితే ఏం దొరుకుతుంది?

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. వెనక సీటు వీపు విప్పేసి, క్యాబిన్ లోంచి డిక్కీలోకి తల పెట్టి చూడటం నా పద్ధతి. కొన్ని కార్లలో ఆ సీటు మడుస్తుంది, ఇంకా సులువు. ఆ దారి లేకుండా డిక్కీలో పడుకుని మూత వేయించుకోవద్దు. పాత కార్లలో లోపల్నుంచి మూత తెరిచే మీట ఉండదు. ఇంజన్ ఆపి ఉండాలి, తాళం బయటివాళ్ళ జేబులో ఉండాలి, మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు. సన్నగా ఉన్నారు కదా, దూరిపోతారని పిల్లల్ని మాత్రం లోపల పెట్టకండి.

నీళ్ళు పట్టే ముందు లోపల అతుకులన్నిటి మీద, టెయిల్ లైట్ల కింద, బీడింగ్ (డిక్కీ నోటి చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) వెంబడి పౌడరు పల్చగా చల్లండి. నీటి చుక్క జారితే పౌడరులో గీత పడుతుంది. ఆ గీత పట్టుకుని పైకి పోతే మూలం దొరుకుతుంది. గుంటలో పేపరు పరవండి.

ఇక పైపు. చివర వేలు పెట్టి ఫోర్సుగా కొట్టకండి. సర్వీసింగ్ షెడ్డులో కార్లు కడిగే ప్రెజర్ గన్ అసలే వద్దు, దానికి కొత్త కారు బీడింగ్ కూడా లొంగుతుంది, లేని లీకులు కనిపిస్తాయి. వాన ఎలా జారుతుందో అలా, నెమ్మదిగా పారనివ్వాలి. ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. పైన మొదలుపెడితే నీళ్ళు కారంతా తడుపుకుంటూ దిగుతాయి, ఏ సందులోంచి వచ్చాయో తేలదు. ముందు బంపరు పైభాగం, తర్వాత టెయిల్ లైట్లు, తర్వాత డిక్కీ మూత అంచు, ఆ తర్వాత వెనకద్దం, చివర పైకప్పు. ఒక్కోచోట కనీసం ఐదు నిమిషాలు.

ఆ ఐదు నిమిషాలు ఎవరికీ ఓపిక ఉండదు. కిందటేడు మా బావమరిది పైపు పట్టుకున్నాడు, నేను లోపలున్నాను. రెండు నిమిషాలకే అడిగాడు: "బావా, ఏం కారట్లేదు కదా, పైకెళ్ళనా?" "ఆగరా, లైటు దగ్గరే ఉంచు" అన్నాను. ఇంకాసేపటికి విసుక్కున్నాడు. సరిగ్గా అప్పుడే ఎడమ టెయిల్ లైటు కింది నట్టు చుట్టూ తడి మెరిసింది. చుక్క కట్టడానికి ఇంకో నిమిషం పట్టింది. ఊగి ఊగి పౌడరులో పడి, సన్నటి గీత గీసుకుంటూ గుంట వైపు పోయింది. వాడి మాట విని పైకి వెళ్ళుంటే, ఆ చుక్కను వెనకద్దం ఖాతాలో వేసి అద్దం ఊడదీయించేవాళ్ళం.

ఒక లీకు దొరికిందని ఆపేయకండి. పాత కారుకి ఒక్కటే ఉండటం నేనైతే చూడలేదు. దొరికిన చోటును మార్కరుతో గుర్తు పెట్టి, తుడిచి, పౌడరు మళ్ళీ చల్లి పైకి వెళ్ళండి.

నా లెక్కలో ఎక్కువగా దొరికే దొంగలు వీళ్ళు. టెయిల్ లైటు వెనక స్పంజి గ్యాస్కెట్, ఇరవై ఏళ్ళకి అది పొడిపొడి అయిపోతుంది. డిక్కీ బీడింగ్. పైకప్పు అంచున నల్ల పట్టీ కింద ఉండే అతుకు, అక్కడి సీలెంట్ పగిలి ఉంటుంది. యాంటెన్నా అడుగు. డిక్కీ మూత మీద కారు పేరు అక్షరాలు గుచ్చిన రంధ్రాలు, యాక్సెసరీస్ షాపులో బిగించిన స్పాయిలర్ బోల్టులు, రివర్స్ కెమెరా వైరుకోసం ఎవడో డ్రిల్లు చేసి వదిలేసిన కన్నం. గ్యాస్ కిట్ పెట్టించి తీయించేసిన కారైతే సిలిండర్ స్టాండు బోల్టుల రంధ్రాలు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. బంపరు వెనకాల, రెండు పక్కలా, రబ్బరు రెక్కలున్న ప్లాస్టిక్ కిటికీల్లాంటివి ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టినవి. వాటి చుట్టూ ఉన్న ఫోమ్ చివికిపోతే నీళ్ళు నేరుగా డిక్కీ పక్కల్లోకి దిగుతాయి. చూడాలంటే బంపరు విప్పాలి. బద్ధకించకండి.

పైపు పరీక్షలో ఏమీ కారకపోయినా, తడిరోడ్డు మీద తిరిగొస్తే గుంట తడుస్తోందా? అయితే నీళ్ళు కిందనుంచి వస్తున్నాయి. టైరు చిమ్మే నీళ్ళు మడ్‌గార్డు లోపలి అతుకులోంచి దూరతాయి, లేదా గుంట అడుగున ఉండాల్సిన రబ్బరు బిరడా ఊడిపోయి ఉంటుంది. చక్రం విప్పి, పైపుతో కిందనుంచి కొట్టి చూడండి.

మూయడం

టెయిల్ లైటు నట్లు విప్పి, పాత స్పంజి గీకేసి, చుట్టూ బ్యుటైల్ టేపు తెగకుండా ఒకే ముక్కగా వేసి బిగించండి. బలంగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బీడింగ్‌కి ఒక పరీక్ష ఉంది: పదిరూపాయల నోటు పెట్టి మూత వేసి లాగండి. పట్టి లాగినట్టుంటే బీడింగ్ బాగున్నట్టు. జారి వచ్చేస్తే అక్కడ అది చప్పబడిపోయినట్టు. కొత్తది వేసే ముందు అది కూర్చునే రేకు అంచు చూడండి, అక్కడ తుప్పు ఉబ్బితే ఎంత మంచి బీడింగైనా ఎత్తుగా కూర్చుని కారుతుంది. వెనకద్దం కారుతుంటే మాత్రం అద్దాలు బిగించే మనిషిని పిలవండి.

సిలికాన్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బాత్రూములకి వాడే సిలికాన్ ట్యూబు తెచ్చి కారు నిండా పూసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. పూసినప్పుడు వెనిగర్ వాసన వస్తుంది కదా, అది ఎసిటిక్ ఆమ్లం. రంగు లేని రేకు మీద అదే తుప్పుకు నాంది. పైగా దాని మీద రంగు నిలవదు, తర్వాత ఇంకేదీ అంటుకోదు. ఎంసీల్ పెట్టేవాళ్ళది ఇంకో పంథా. అది రాయిలా గట్టిపడుతుంది, కారు బాడీ గతుకుల్లో మెలితిరుగుతుంది, ఏడాదిలో జుట్టంత పగులు. అతుకులకి సాగే గుణమున్న పీయూ సీలెంట్ తప్ప ఇంకోటి వాడకూడదు. అదీ ప్రైమరు మీదే, ఉత్త రేకు మీద కాదు.

గుంటకి అడుగున కన్నం పెట్టేస్తే నీళ్ళు అవే పోతాయనే పెద్దమనుషులూ ఉన్నారు. ఆ కన్నం అంచే మొదట తుప్పు పడుతుంది, టైరు చిమ్మే నీళ్ళు అందులోంచే పైకి వస్తాయి, సైలెన్సర్ పొగ కూడా.

సీలు చేశాక పైపు పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేయండి. పేపరు పొడిగా ఉంటేనే తుప్పు దగ్గరికి రండి.

తుప్పు వదిలించడం

ఇది నిజానికి సులువు, చెయ్యి నొప్పి తప్ప. స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు మచ్చలన్నిటినీ గట్టిగా పొడిచి చూడండి. రేకు నిలబడితే మీ పని, మొన దిగబడితే వెల్డింగ్ పని.

నిలబడిన చోట వైర్ బ్రష్, తర్వాత 80 ఎమిరీ, తర్వాత 180. మచ్చ చుట్టూ అంగుళం మేర మంచి రంగును కూడా గీకండి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రంగును పైకి లేపుతూ అంచుల కింద పాకుతుంది. కంటికి కనిపించే మచ్చ చిన్నది, లోపలిది పెద్దది. గ్రైండర్ వాడితే కళ్ళద్దాలు తప్పనిసరి.

ఎంత గీకినా రేకు మీది సన్నటి గుంతల్లో నల్లగా మిగిలే తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూయండి. చాలావాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది, తుప్పును కదలని నల్లపొరగా మారుస్తుంది. రేకు మీద రేకుగా లేచే తుప్పు మీద పూస్తే దండగ, అది ముందే రాలిపోవాలి. సీసా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, కడగమంటే కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత థిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు. అతుకుల్లో పీయూ సీలెంట్. పైన రంగు. రంగు నెంబరు కలవకపోయినా ఫర్వాలేదు, మ్యాటు కింద చూసేదెవరు? ఉదయం పదికి ముందు, సాయంత్రం నాలుగు దాటాక రంగు వేయకూడదు.

చిల్లు పడితే లప్పంతో పూడ్చవద్దు. లప్పం తేమ పీల్చుకుంటుంది, దాని వెనక రేకు మరింత వేగంగా పోతుంది. కుళ్ళిన ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పెట్రోల్ ట్యాంకు ఆ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు, అలవాటున్న టింకరింగ్ మేస్త్రీకి ఇవ్వండి, బ్యాటరీ వైరు తీయించండి. షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోటుకో, వెనక ఛాసిస్‌కో తుప్పు పాకితే అది డిక్కీ సమస్య కాదు, కారు నడపాలా వద్దా అన్న సమస్య. పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్ళాల్సిన కారైతే ఇది ముందే తేల్చుకోండి. కింద తారు కోటింగ్ కొట్టిస్తే అంతా పోతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. తడి తుప్పు మీద తారు వేస్తే తుప్పును దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టే.

తిరిగి సర్దడం

రంగు ఆరాక రెండు రోజులు ఆగి రబ్బరు బిరడాలు పెట్టండి. మ్యాటు మాత్రం ఇప్పుడే పరవకండి. గుంటలో పేపరు వేసి, ఒక పెద్ద వాన పడేదాకా అలాగే తిరగండి. వానపడ్డ రాత్రి కాదు, మర్నాడు పొద్దున చూడండి, నీళ్ళు దిగడానికి గంటలు పడుతుంది.

స్టెప్నీ, జాకీ లోపల పెట్టే ముందు జాకీ అడుగు, స్పానరు, స్టెప్నీ రిమ్ము కూడా గీకి రంగు వేయండి. నేను ఒకసారి మరిచాను. రిమ్ము తుప్పు రాలి కొత్త రంగు మీద గోధుమరంగు మరక పడింది. మళ్ళీ లీకు మొదలైందని టెన్షన్ పడి, బావమరిదిని పిలిచి, పైపు పట్టించి, గంటసేపు కారు మొత్తం తడిపించాను.