ఫైర్‌వాల్ ల్యాబ్ - 3వ పాఠం: ఏఎస్ఏవీని మన కంప్యూటర్‌తో కలపడం

గత పాఠంలో జీఎన్ఎస్3లో (నెట్‌వర్క్ పరికరాలను కంప్యూటర్‌లోనే నడిపే ల్యాబ్ ప్రోగ్రామ్) సిస్కో ఏఎస్ఏవీని (సాఫ్ట్‌వేర్ రూపంలో ఉన్న ఫైర్‌వాల్) బూట్ చేసి, కన్సోల్ తెరిచి, ఎనేబుల్ పాస్‌వర్డ్ పెట్టుకున్నాం. ఆ ఫైర్‌వాల్ మన విండోస్ కంప్యూటర్‌లోనే నడుస్తున్నా, రెండింటి మధ్య దారి లేదు కాబట్టి దానికి ఇంకా ఈ కంప్యూటర్ ఉన్నట్టే తెలియదు. ఈ పాఠంలో ఆ దారి వేసి, అది నిజంగా పడిందో లేదో తేల్చుకోవడం నేర్చుకుందాం. నా దృష్టిలో దారి వేయడం కన్నా తేల్చుకోవడమే ముఖ్యం, అందుకే ఎక్కువ సమయం దానికే కేటాయిస్తున్నాను.

ముందుగా విండోస్‌లో ఒక లూప్‌బ్యాక్ అడాప్టర్, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ కార్డు, కావాలి. వైఫై కార్డుతో కలపవచ్చు కదా అనిపించవచ్చు గాని, వైఫై మీద ఇలాంటి బ్రిడ్జింగ్ (రెండు నెట్‌వర్క్‌లను ఒకటిగా కలపడం) చాలాసార్లు కుదరదు. పైగా ల్యాబ్‌లోని పొరపాటు ఇంటి నెట్‌వర్క్‌కు పాకకూడదు. డివైస్ మేనేజర్‌లోని యాక్షన్ మెనూ నుంచి లెగసీ హార్డ్‌వేర్ చేర్చే విజర్డ్ తెరిచి, జాబితా నుంచి మనమే ఎంచుకుంటామని చెప్పి, నెట్‌వర్క్ అడాప్టర్లలో మైక్రోసాఫ్ట్ కింద ఉన్న కేఎం-టెస్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్‌ను ఇన్‌స్టాల్ చేయండి. తరువాత కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. కొత్త అడాప్టర్‌కు 192.168.100.10 అనే అడ్రస్, 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్ ఇచ్చి, డిఫాల్ట్ గేట్‌వే గడిని మాత్రం ఖాళీగా వదలండి. అక్కడ ఏదైనా రాస్తే ఇంటర్నెట్‌కు వెళ్లవలసిన ట్రాఫిక్ కూడా ల్యాబ్ వైపు మళ్లే ప్రమాదం ఉంది.

ఇప్పుడు జీఎన్ఎస్3లో ఒక క్లౌడ్ నోడ్ (ల్యాబ్‌ను కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుతో కలిపే గుర్తు) తెచ్చి పెట్టండి. ఏ సర్వర్ మీద నడపాలని అడిగినప్పుడు జీఎన్ఎస్3 వీఎంను (జీఎన్ఎస్3 పరికరాలను నడిపే వర్చువల్ మెషీన్) కాకుండా మీ సొంత కంప్యూటర్‌ను ఎంచుకోవాలి; లూప్‌బ్యాక్ అడాప్టర్ ఉన్నది విండోస్‌లో కనుక, వీఎంలో నడిచే క్లౌడ్‌కు అది కనబడదు. జాబితాలో అడాప్టర్ లేకపోతే ప్రత్యేక ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్‌లను చూపించే గడిలో టిక్ పెట్టి చూడండి.

క్లౌడ్ నుంచి ఫైర్‌వాల్‌కు కేబుల్ లాగేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఏఎస్ఏవీలో మొదటి నెట్‌వర్క్ కార్డు మేనేజ్‌మెంట్ 0/0 అవుతుంది, రెండవది గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/0 అవుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో కేబుల్‌ను మొదటి కార్డుకు పెట్టి, అడ్రస్‌ను గిగాబిట్ 0/0కు ఇచ్చి, సాయంత్రమంతా తప్పు ఎక్కడుందో వెతుక్కున్నాను. మీరు గిగాబిట్ 0/0కే కలపండి.

ఫైర్‌వాల్ కన్సోల్‌లో కాన్ఫిగరేషన్ మోడ్‌కు వెళ్లి ఆ ఇంటర్‌ఫేస్‌లోకి ప్రవేశించి, నేమిఫ్ కమాండ్‌తో ఇన్‌సైడ్ అని పేరు పెట్టండి. ఆ పేరు పెట్టగానే సెక్యూరిటీ లెవెల్ (ఆ వైపును ఎంత నమ్మాలో చెప్పే అంకె) దానంతటదే 100 అవుతుంది. మరే పేరు పెట్టినా 0 అవుతుంది. ఐపీ అడ్రస్ 192.168.100.1, మాస్క్ 255.255.255.0 ఇచ్చి, నో షట్‌డౌన్ కొట్టండి. రౌటర్ అలవాటుతో షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్ అని కొడితే ఏఎస్ఏ ఒప్పుకోదు. ఇక్కడ వరుస మారుతుంది, షో ఇంటర్‌ఫేస్ ఐపీ బ్రీఫ్ అనాలి. అందులో అప్, అప్ అని కనబడితే వర్చువల్ కార్డు మేలుకుందని మాత్రమే అర్థం. కేబుల్ అవతలి కొన సరైన అడాప్టర్‌కే తగిలిందని అది చెప్పదు.

ఇక పరీక్ష. విండోస్ నుంచి 192.168.100.1కు పింగ్ చేస్తే (చిన్న ప్యాకెట్ పంపి జవాబు అడిగితే) జవాబు రావాలి. తరువాత ఫైర్‌వాల్ నుంచి 192.168.100.10కు పింగ్ చేయండి. ఇక్కడ చాలామందికి జవాబు రాలేదని చెప్పే ఐదు ప్రశ్నార్థకాలు వరుసగా వస్తాయి, వెంటనే కేబుల్ పీకి మళ్లీ మొదటినుంచి కలపడం మొదలుపెడతారు. అలా చేయకండి, షో ఏఆర్‌పీ అని కొట్టి చూడండి; ఒక ఐపీ అడ్రస్‌కు ఏ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత అడ్రస్) ఉందో కనుక్కునేది ఏఆర్‌పీ. ఇన్‌సైడ్ పేరుతో, 192.168.100.10 పక్కన 0200.4సి4ఎఫ్.4ఎఫ్50 అనే మ్యాక్ అడ్రస్ కనబడితే దారి బాగానే ఉన్నట్టు. ఆ చివరి నాలుగు బైట్లను ఆస్కీ అక్షరాలుగా చదివితే ఎల్, ఓ, ఓ, పీ వస్తాయి. లూప్‌బ్యాక్ అడాప్టర్ తన పేరును తన అడ్రస్‌లోనే మోస్తోంది. ఏఆర్‌పీకి జవాబిచ్చి పింగ్‌కు ఇవ్వడం లేదంటే, ప్యాకెట్ చేరుతోంది గాని దాన్ని విండోస్ ఫైర్‌వాల్ ఆపుతోందని అర్థం. మొత్తం విండోస్ ఫైర్‌వాల్‌ను ఆపేయకుండా, ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ కింద ఉన్న ఐసీఎంపీవీ4 ఎకో రిక్వెస్ట్ (అంటే పింగ్) రూల్‌ను, పబ్లిక్ ప్రొఫైల్‌కు కూడా, ఎనేబుల్ చేస్తే చాలు. గుర్తు తెలియని నెట్‌వర్క్‌ను విండోస్ పబ్లిక్‌గానే లెక్కిస్తుంది.

షో ఏఆర్‌పీలో ఆ వరుసే లేకపోతే తప్పు కింది పొరలో ఉంది: కేబుల్ ఏ కార్డుకు ఉంది, క్లౌడ్ ఏ సర్వర్ మీద ఉంది, ఏ అడాప్టర్‌ను ఎంచుకున్నారు అన్న మూడింటినీ అదే వరుసలో చూసుకోండి.

లైసెన్స్ లేని ఏఎస్ఏవీ సెకనుకు 100 కిలోబిట్లకు మించి పంపదు. పింగ్‌కు, ఎస్ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) అది సరిపోతుంది. పెద్ద ఫైలు పంపితే నత్తనడక నడుస్తుంది, దాన్ని లోపమని పొరబడకండి.

రైట్ మెమరీ కొట్టి దాచుకోండి. వచ్చే పాఠంలోగా మేనేజ్‌మెంట్ 0/0కు కావాలనే కేబుల్ మార్చి, పాత ఏఆర్‌పీ పట్టికను క్లియర్ ఏఆర్‌పీతో తుడిచి, మళ్లీ పింగ్ చేసి, షో ఏఆర్‌పీ ఏం చూపిస్తుందో నోటు పుస్తకంలో రాసుకోండి; ఎస్ఎస్‌హెచ్ పాఠాన్ని ఆ నోటుతోనే ప్రారంభిద్దాం.