ముందు చిన్న ముల్లు

హనుమకొండ చౌరస్తా దగ్గర ముప్పై ఏళ్లకు పైగా గడియారాలు బాగుచేశాను. పోయిన వేసవి సెలవుల్లో, రెండో తరగతి పూర్తిచేసిన మా మనవరాలికి టైము చూడటం నేర్పాను. ఆ పనికి కూర్చోబోయే వాళ్లకు నా మొదటి మాట: పిల్లల కంటే ముందు గోడ మీది గడియారాన్ని పరీక్షించండి.

మా ఇంటి గడియారం ఒకసారి కింద పడింది. నడక ఆగలేదు గానీ చిన్న ముల్లు కాస్త వెనక్కి జరిగింది. ఓ సాయంత్రం నాలుగున్నరకు టైమెంతని అడిగితే పిల్ల తడబడింది. మా కోడలు కోప్పడింది. నేను లేచి చూశాను. పెద్ద ముల్లు ఆరు మీద ఉంటే, నాలుగుకూ అయిదుకూ నడుమ ఉండాల్సిన చిన్న ముల్లు నాలుగు మీదే నిలబడి ఉంది. పెద్దవాళ్లం అలవాటు కొద్దీ ఆ తేడాను పట్టించుకోం. పిల్లలు ఉన్నది ఉన్నట్టు చదువుతారు. పన్నెండింటికి రెండు ముళ్లూ ఒకదాని మీద ఒకటి కలవాలి, ఆరింటికి నిలువుగా ఒకే గీతలా ఉండాలి. అలా లేకపోతే బాగుచేయించాకే పాఠం మొదలుపెట్టండి.

అరవై నిమిషాలు ఒక గంట అంటూ పెద్ద ముల్లుతో మొదలుపెడితే పిల్లలు అక్కడే బెదిరిపోతారు. తొలినాటి యంత్ర గడియారాలకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకం గడియారాన్ని రూపొందించి, నడక కచ్చితమైన తర్వాతే నిమిషాల ముల్లు మామూలైంది. నేనూ అదే దారిలో వెళ్లాను. ఒక పాత క్వార్ట్జ్ గడియారం అద్దం విప్పి, సెకన్ల ముల్లునూ పెద్ద ముల్లునూ తీసేసి వంటింట్లో తగిలించాను. నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ ఆ ఒంటి ముల్లుతోనే మాట్లాడుకున్నాం: "ఏడు దాటింది", "ఏడుకూ ఎనిమిదికీ నడుమ ఉంది", "ఎనిమిది కావస్తోంది".

ప్రతి అంకె ఒక గడప అని చెప్పాను. ముల్లు గడప దాటితేనే ఆ గంటలోకి వచ్చినట్టు. మూడు గంటల యాభై అయిదు నిమిషాలను నాలుగు యాభై అయిదు అని చదవని పిల్లలు అరుదు, ఎందుకంటే చిన్న ముల్లు అప్పటికి నాలుగును దాదాపు తాకుతుంటుంది. అది నిమిషానికి అర డిగ్రీయే జరుగుతుంది, అయిదు నిమిషాలకు రెండున్నర డిగ్రీలు. అంత సన్నటి ఎడం చిన్న కళ్లకు ఆనదు. అప్పుడు "గడప దాటిందా?" అని ఒక్క మాట అడగండి, జవాబు మీరు చెప్పకండి.

ఇక పెద్ద ముల్లు. అయిదో ఎక్కం వస్తే ఇది ఒక పూట పని: మూడు మీద ఉంటే పదిహేను, ఏడు మీద ఉంటే ముప్పై అయిదు. గడియారం వెనుక చక్రం పిల్లల చేతే తిప్పించండి. పెద్దది ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది ఒక్క అంకె జరగడం వేళ్లతో తెలియాలి.

మా పిల్లను అన్నిటికంటే ఇబ్బంది పెట్టినవి మన మాటలే. మూడుంబావు, మూడున్నర అర్థమయ్యాయి. "పావు తక్కువ నాలుగు" దగ్గర ఆగిపోయింది: ముల్లు నాలుగుకు చేరనే లేదు కదా, మరి నాలుగంటారేమిటి? ఆ సాయంత్రం వాళ్ల నానమ్మ సర్వపిండి చేసింది. గుండ్రంగా, వేలితో పొడిచిన చిల్లులతో, నువ్వులు కనబడుతూ వేడివేడిగా పళ్లెంలోకి వచ్చింది. అట్లకాడతో నాలుగు ముక్కలు చేసి, పన్నెండు ఉండే చోటు నుంచి కుడివైపుగా తినమన్నాను. ఒక ముక్క పోతే పావు, రెండు పోతే అర. మూడు తిన్నాక పళ్లెం చూసి తనే అంది: "ఇంకో పావు తింటే అయిపోతుంది. అందుకే పావు తక్కువ!"

రైల్వే టైముకు పెద్ద శ్రమ లేదు, పదమూడు నుంచి పైన ఉన్న గంటల్లోంచి పన్నెండు తీసేయడమే. సెలవుల చివర కాజీపేట స్టేషన్‌కు వెళ్లినప్పుడు బోర్డు మీద 17:10 చూసి వేళ్ల మీద లెక్కవేసింది. తర్వాత నా మణికట్టు పట్టుకుని, గడియారాన్ని కళ్ల దగ్గరకు లాక్కుని చూసింది.

"అయిదు గడప ఇంకా దాటలేదు తాతా. బండికి టైముంది."