మదర్‌బోర్డు కాదు, వైఫై డ్రైవర్

కాకినాడలో ఇంట్లోనే కూర్చుని ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో ఫిజిక్సు చెబుతాను. ఒక గురువారం సాయంత్రం లెంజ్ నియమం చెబుతూ ఉండగా లాప్‌టాప్ బిగుసుకుపోయింది. తెర మీద బొమ్మ అలాగే ఉంది, మౌస్ కదలదు, స్పీకరులోంచి తుమ్మెద రొద లాంటి శబ్దం. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ ఆరలేదు. మర్నాడు అదే పని రెండుసార్లు చేసింది. ఆ పైన కొత్త రోగం మొదలైంది: మూత వేసి, భోజనం చేసి వచ్చి తెరిస్తే నీలి తెర.

రిపేరు దుకాణానికి పట్టుకెళ్తే అక్కడి అబ్బాయి అయిదు నిమిషాలు చూసి, "ముందు ఫార్మాట్ కొడదాం మేడమ్, తగ్గకపోతే మదర్‌బోర్డు మార్చాలి" అన్నాడు. మదర్‌బోర్డు ధర విన్నాక లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

అసలు ఆచూకీ మా వీధిలో కరెంటు పోయిన రోజు దొరికింది. మా రౌటరుకు ఇన్వర్టరు కనెక్షన్ లేదు. క్లాసు ఆగకూడదని ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోనులో ‘యూఎస్‌బీ టెథరింగ్’ పెట్టి పాఠం చెప్పాను. నాలుగు గంటలు లాప్‌టాప్ కిక్కురుమనలేదు. కరెంటు వచ్చి, వైఫైకి మారిన ఇరవై నిమిషాల్లో మళ్లీ బిగుసుకుంది. పాడైన మదర్‌బోర్డుకు నెట్ ఏ దారిన వస్తున్నదో పట్టింపు ఉండదు కదా అనిపించింది.

మీకు ఇలాంటి అనుమానం వస్తే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. నెట్ మాత్రమే పోతోందా, లాప్‌టాప్ మొత్తం ఆగిపోతోందా? వైఫై గుర్తు మాయమై మళ్లీ వస్తూ, మిగతా పనులన్నీ సాగుతుంటే రౌటరునో సిగ్నలునో చూసుకోవాలి. మౌస్ కూడా కదలకుండా ఆగిపోతే, నీలి తెర వస్తే, తనంతట తాను రీస్టార్ట్ అవుతుంటే డ్రైవర్‌ను, అంటే వైఫై పరికరాన్ని విండోస్ నడిపించడానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్‌ను అనుమానించవచ్చు. బ్రౌజరు చెడితే బ్రౌజరే మూతపడుతుంది. వైఫై డ్రైవర్ నడిచేది విండోస్ కెర్నెల్‌లో, అంటే ఇంటికి మూలస్తంభం ఉన్న చోట. అక్కడ తప్పు జరిగితే, ఇంకా పాడు కాకుండా విండోస్ తనే యంత్రాన్ని ఆపేస్తుంది. మనకు కనిపించే నీలి తెర అదే. విండోస్ 11 కొత్త విడుదలల్లో అది నల్లగా వస్తుంది, విషయం మాత్రం మారలేదు.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి ‘డివైస్ మేనేజర్’ తెరవండి. ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ కింద చాలా పేర్లుంటాయి. ‘వాన్ మినీపోర్ట్’ అన్న వాటి జోలికి వెళ్లకండి. ‘వైఫై’ అనో ‘వైర్‌లెస్’ అనో ఉన్న పేరు మీద కుడి క్లిక్ చేసి ‘డిసేబుల్ డివైస్’ నొక్కండి. టాస్క్‌బారులో వైఫై గుర్తును ఆపితే చాలదు, డ్రైవర్ లోపల నడుస్తూనే ఉంటుంది. ఇలా ఆపి, ఫోను తీగతో నెట్ పెట్టుకుని, రోజూ చేసే పనులే రెండు రోజులు చేయండి. మూత వేయండి, తీయండి, వీడియో కాల్ మాట్లాడండి. ఒక్కసారి కూడా ఆగకపోతే దొంగ దాదాపు దొరికినట్టే. అప్పుడు కూడా ఆగిపోతుంటే ఇక్కడే వదిలేసి, ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ నడిపి ర్యామ్ సంగతి చూడండి.

రెండో సాక్ష్యం విండోస్ డైరీలోనే ఉంది. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని వెతికితే ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ వస్తుంది. రోజుల వారీగా గడులు, 1 నుంచి 10 వరకు ఒక గీత, ఏదైనా కూలిన రోజున ఎర్ర గుర్తు. నా దాంట్లో గీత నెలల తరబడి పైనే పాకి, ఒక్క వారంలో నేల కరిచింది. తొలి ఎర్ర గుర్తు ఏ రోజు పడిందో రాసుకోండి. తర్వాత ‘సెట్టింగ్స్’లో ‘విండోస్ అప్‌డేట్’, ‘అప్‌డేట్ హిస్టరీ’, ‘డ్రైవర్ అప్‌డేట్స్’ వరుసగా తెరిచి, వైఫై డ్రైవర్ ఏ రోజు మారిందో చూడండి. నా రెండు తేదీలకూ తేడా ఒక్క రోజు. బుధవారం రాత్రి నేను నిద్రపోతుండగా కొత్త డ్రైవర్ దిగింది, గురువారం లెంజ్ నియమం ఆగింది.

నీలి తెర వచ్చేవారికి మరో ఆధారం ఉంటుంది. తెర అడుగున ‘వాట్ ఫెయిల్డ్’ అన్న మాట పక్కన ఒక ఫైలు పేరు వస్తే ఫోనుతో ఫోటో తీయండి. ఆ పేరు ‘నెట్‌డబ్ల్యుటిడబ్ల్యు’ అని మొదలైతే ఇంటెల్ వైఫై డ్రైవర్, ‘ఆర్‌టిడబ్ల్యు’ అయితే రియల్‌టెక్, ‘క్యుసిఎ’ అయితే క్వాల్‌కామ్, ‘ఎంటికె’ అయితే మీడియాటెక్. ‘ఎన్‌డిఐఎస్’ అని ఉంటే అది నెట్‌వర్క్ డ్రైవర్లన్నీ ఆనుకునే ఉమ్మడి గోడ, కాబట్టి వేలు ఇటువైపే చూపుతోందని అర్థం. ‘ఎన్‌టిఓఎస్ కెర్నెల్’ పేరు కనిపిస్తే మాత్రం విండోస్ ఫైలే పాడైందని బెంబేలెత్తకండి, చాలాసార్లు అది శవం దొరికిన చోటు మాత్రమే. మూత తీసినప్పుడే నీలి తెర వస్తూ, కోడ్ ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని ఉంటే ఏదో ఒక డ్రైవర్‌కు నిద్ర పోవడమో లేవడమో చేతకావడం లేదన్నమాట. నాది అదే.

విండోస్ లోపలి ఘటనల చిట్టా అయిన ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచిన వాళ్లకు ‘కెర్నెల్ పవర్ 41’ అన్న ఎర్ర వరుస కనిపిస్తుంది. అది చూసి ఛార్జర్ మార్చేసిన వాళ్లున్నారు. యంత్రం సవ్యంగా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైందని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు.

ఇక మందు సంగతి. ఓమ్ నియమం ప్రయోగంలో తీగను, ఉష్ణోగ్రతను కదపకుండా వోల్టేజీ ఒక్కటే మారుస్తాం. ఇక్కడా అంతే. ఒక మార్పు చేసి, రెండు మూడు రోజులు వాడి, నోటుపుస్తకంలో రాసి, అప్పుడే రెండోది. వీడియోల్లో చెప్పిన పది చిట్కాలూ ఒకే పూట చేస్తే జబ్బు తగ్గినా ఏ మందుకు తగ్గిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ వస్తే ఏం చేస్తారు?

మొదలుపెట్టే ముందు లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్‌కే చెందిన వైఫై డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో దించుకోండి. పాత వెర్షన్లు కూడా అక్కడుంటే వాటిని కూడా. డ్రైవర్ తీసేశాక నెట్ ఉండదు కాబట్టి, దించుకోవలసింది ముందే. ‘డ్రైవర్ అప్‌డేటర్’ అంటూ ఉచితంగా ఊరించే సాఫ్ట్‌వేర్లను ఇంటి గడప తొక్కనివ్వకండి. డిస్కుకు ‘బిట్‌లాకర్’ అనే విండోస్ తాళం ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. సేఫ్ మోడ్‌లోకో (అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతి), బయోస్‌లోకో (విండోస్ కన్నా ముందే మదర్‌బోర్డులో నడిచే ప్రోగ్రాం) వెళ్లినప్పుడు ఆ కీ అడిగితే, చేతిలో లేకపోతే తాళంచెవి లోపలే పెట్టి తలుపు వేసుకున్నట్టవుతుంది. అవసరమైతే విండోస్ సెట్టింగులను ఇప్పటి స్థితికి తిరిగి తెచ్చుకోవడానికి ఒక రిస్టోర్ పాయింట్ కూడా పెట్టుకోండి.

మొదటి మందు వెనక్కి వెళ్లడం. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ‘ప్రాపర్టీస్’ తెరిచి, ‘డ్రైవర్’ ట్యాబులో తేదీ, వెర్షన్ అంకె రాసుకున్నాక ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. ఆ బటన్ చాలామందికి మసకగా, నొక్కడానికి వీల్లేకుండా ఉంటుంది. నాకూ అంతే. అప్పుడు ‘అప్‌డేట్ డ్రైవర్’లోకి వెళ్లి, ‘బ్రౌజ్ మై కంప్యూటర్’, ఆ తర్వాత ‘లెట్ మి పిక్’ అని మొదలయ్యే వరుస నొక్కితే లాప్‌టాప్‌లో ఇప్పటికే దాగి ఉన్న వెర్షన్ల జాబితా వస్తుంది. పాతదాన్ని ఎంచుకోండి. కొత్త డ్రైవర్ పెట్టడానికి వాడే బటన్‌తోనే పాతది పెట్టడం విచిత్రమే కానీ పని చేస్తుంది.

జాబితాలో పాతది లేకపోతే పూర్తిగా తీసి వేయాలి. ముందు ఫోను తీగ, లాన్ తీగ అన్నీ పీకేయండి. నెట్ ఉంటే మీరు తీసిన డ్రైవర్‌నే విండోస్ మళ్లీ తెచ్చి పెట్టగలదు. అడాప్టర్ మీద కుడి క్లిక్ చేసి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కినప్పుడు వచ్చే చిన్న పెట్టెలో, డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టకపోతే చేసినదంతా వృథా. తర్వాత రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లోని డ్రైవర్ వేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉన్న లాప్‌టాప్‌లో షట్‌డౌన్ అంటే కెర్నెల్‌ను డిస్కులో భద్రపరిచి పడుకోబెట్టడమే. డ్రైవర్లు నిన్నటి స్థితిలోనే నిద్ర లేస్తాయి. అందుకే ‘రీస్టార్ట్’ అనే నొక్కాలి.

ఇది చేశాక మూడు రోజులు క్లాసుల మధ్యలో ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. కానీ నాలుగో రోజు మూత తీస్తే మళ్లీ నీలి తెర. సగం తగ్గిన జ్వరం.

అప్పుడు రెండో మందు. అదే ‘ప్రాపర్టీస్’లో ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబు ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కు అనుమతినిచ్చే గడిలో టిక్ తీసేయండి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఈ ట్యాబే కనిపించదు. అలాంటప్పుడు కంట్రోల్ ప్యానెల్ ‘పవర్ ఆప్షన్స్’లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగులు చూడండి. ‘వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్’ అక్కడుంటే ‘మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్’కి మార్చండి. ‘పీసీఐ ఎక్స్‌ప్రెస్’ కింద ‘లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్’ ఉంటే ఆపండి. బ్యాటరీ కాస్త తొందరగా దిగుతుంది. నేను రోజంతా ఛార్జర్‌కు దగ్గరగానే కూర్చుంటాను కాబట్టి నాకు లెక్క లేదు, మీ సంగతి మీరు చూసుకోండి. టిక్ తీసిన సాయంత్రం ఇరవైసార్లు మూత వేసి తీశాను. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, "దానికి ఊపిరాడనివ్వమ్మా" అన్నారు. ఇరవైసార్లూ లేచింది.

విండోస్ తెరుచుకునే లోపే కూలిపోతుంటే దారి వేరు. లాగిన్ తెర వరకు వస్తే అక్కడి పవర్ గుర్తులో షిఫ్ట్ మీట నొక్కి ఉంచి ‘రీస్టార్ట్’ నొక్కండి. అదీ రాకపోతే, విండోస్ తెరుచుకుంటూ ఉండగా పవర్ బటన్‌తో వరుసగా మూడుసార్లు ఆపితే మరమ్మతు తెర వస్తుంది. ‘ట్రబుల్‌షూట్’, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘స్టార్టప్ సెట్టింగ్స్’ మీదుగా వెళ్లి ‘రీస్టార్ట్’ నొక్కి, వచ్చే జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. పైన చెప్పిన తీసివేత పని అక్కడ చేసుకోవచ్చు.

చేయనక్కర లేనివి కొన్ని. ‘నెట్‌వర్క్ రీసెట్’ మీ వైఫై పాస్‌వర్డులన్నీ మరిచిపోతుంది, డ్రైవర్ మాత్రం చాలావరకు అదే తిరిగి వస్తుంది. ‘రోమింగ్ అగ్రెసివ్‌నెస్’ వంటి సెట్టింగులు నెట్ తెగిపోయే జబ్బుకు, లాప్‌టాప్ కూలే జబ్బుకు కాదు. ‘డ్రైవర్ వెరిఫైయర్’ డ్రైవర్లను కావాలని ఇబ్బంది పెట్టి తప్పు బయటపెట్టే సాధనం. సేఫ్ మోడ్‌లోకి వెళ్లడం రానివారు దాన్ని ముట్టుకుంటే రీస్టార్టుల సుడిలో పడతారు. బయోస్ అప్‌డేట్ కొన్నిసార్లు నిద్ర సంబంధమైన జబ్బులకు పని చేస్తుంది, కానీ మధ్యలో కరెంటు పోతే నిజంగానే మదర్‌బోర్డు పని ముగియవచ్చు. బ్యాటరీ నిండుగా ఉండి, ఛార్జర్ కూడా తగిలించి ఉంటేనే ఆ సాహసం.

డ్రైవర్ ఏది మార్చినా ఫలితం లేకపోతే వైఫై కార్డునే అనుమానించాలి. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటిదే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) తెరిచి, ఇన్‌స్టాల్ చేయకుండానే, ‘ట్రై’ ఎంచుకుని వైఫై మీద రెండు గంటలు వీడియో నడపండి. అక్కడా బిగుసుకుంటే తప్పు విండోస్ డ్రైవర్‌ది కాకపోవచ్చు. వైఫై కార్డు చాలా లాప్‌టాప్‌లలో ఒకే మర బిగింపుతో ఉండే చిన్న ముక్క. రెండు సన్నని యాంటెన్నా తీగలు దానికి తగిలించి ఉంటాయి. దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు. కొన్నింటిలో బోర్డుకే అతికించి ఉంటుంది, అలాంటివారికి యూఎస్‌బీ వైఫై డాంగిల్ చాలు. లోపలి కార్డును డిసేబుల్ చేసి అది వాడుకోవచ్చు.

నాకు అంతవరకు రాలేదు. మిగిలింది, తీసేసిన డ్రైవర్ దొడ్డిదారిన మళ్లీ రాకుండా చూడటం. ‘విండోస్ అప్‌డేట్’లో ‘పాజ్’ అయిదు వారాల వరకు పెట్టవచ్చు. అయితే భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి కాబట్టి దాన్ని శాశ్వత ఏర్పాటు చేసుకోకూడదు. గడువు తీరాక కొత్త డ్రైవర్ దిగింది. వెర్షన్ అంకెను నోటుపుస్తకంలో సరిచూస్తే నన్ను ఏడిపించినది కాదు, దాని తర్వాతిది. ఆదివారం క్లాసులు లేవు. ఫోను తీగను బల్ల మీద సిద్ధంగా పెట్టుకుని, మూత ఇరవైసార్లు వేసి తీసి, రెండు గంటలు వీడియో కాల్ తెరిచి ఉంచాను. సోమవారం సాయంత్రం లెంజ్ నియమాన్ని ఆగిన చోటి నుంచి కాకుండా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది, పిల్లలు అప్పటికే మరిచిపోయారు.